బొటనవేలిని పిడికిట్లో బిగించి వంద సార్లు వంచమంటున్నారా? వంచకండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి వస్తే అది వాతమట. బాలింతలు చన్నీళ్లు ముట్టుకుంటే వస్తుందట. బొటనవేలిని పిడికిట్లో బిగించి, చేతిని చిటికెనవేలి వైపు రోజుకు వంద సార్లు వంచితే పోతుందట. పట్టీ (చేతిని కదలకుండా పట్టే స్ప్లింట్) వేస్తే చెయ్యి చచ్చుబడుతుందట, స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే ఎముక కరిగిపోతుందట. నేను ఫిజియోథెరపిస్టుని. పసిబిడ్డల తల్లులు ఇది చూపించి మరీ అడుగుతున్నారు.

ముందు ఆ వంద సార్ల సంగతి. అది వ్యాయామం కాదు, జబ్బును పట్టుకోవడానికి డాక్టర్లు ఒక్కసారి, మెల్లగా చేసే పరీక్ష. చాలామంది దీన్ని ఫింకెల్‌స్టెయిన్ పరీక్ష అంటారు, పిడికిలి బిగించి చేసే ఈ పద్ధతి అసలు పేరు ఐకాఫ్ పరీక్ష. బొటనవేలిని ఎత్తే, పక్కకు చాపే రెండు టెండన్లు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు) మణికట్టు పక్కనున్న ఎముక బుడిపె మీదుగా ఒక ఇరుకు గొట్టంలోంచి వెళతాయి. ఆ గొట్టం గోడ మందమైతే టెండన్లు కదిలినప్పుడల్లా రాసుకుంటాయి. ఈ నొప్పి అదే, వాతం కాదు. ఈ జబ్బును 1895లో వివరించిన స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వెయిన్ పేరే దీనికి పెట్టారు. పిడికిలి బిగించి వంచితే టెండన్లు సరిగ్గా ఆ ఇరుకులోనే సాగుతాయి. పరీక్షలో ఒక్కసారికే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రోజుకు వంద సార్లంటే, పుండు మానిందా అని పొద్దస్తమానం గోకి చూసుకోవడమే.

ఇక చన్నీళ్లు. సాయానికి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకూ ఈ నొప్పి వస్తుంది, రాత్రిళ్లు బిడ్డను ఎత్తుకు తిరిగే నాన్నకూ వస్తుంది. వాళ్లెవరూ బాలింతలు కారు కదా! బొటనవేళ్లు బార్లా చాపి, బిడ్డ చంకల కింద చేతులు పెట్టి రోజంతా ఎత్తడం అసలు ఇబ్బంది. కాన్పు తర్వాతి హార్మోన్ల మార్పులు, ఒంట్లో నీరు చేరడం కూడా కొంత కారణం కావచ్చు. ఒక అరచెయ్యి బిడ్డ పిరుదుల కిందకు పోనిచ్చి, బరువు ముంజేతి మీద పడేలా ఎత్తండి. పాలిచ్చేటప్పుడు మణికట్టు వంచి తల పట్టుకోకుండా కింద దిండు పెట్టుకోండి. అయితే పెద్దవాళ్ల మాటలో ఒక లాభం లేకపోలేదు: చన్నీళ్లు ముట్టుకోకపోతే బట్టలు పిండే పని తప్పుతుంది. పిండడం ఈ టెండన్లకు నిజంగానే చెరుపు.

పట్టీ వల్ల చెయ్యి చచ్చుబడదు. నెలల తరబడి విప్పకపోతే బిగుసుకుంటుంది, అంతే. కొన్ని వారాలు వేసుకుని, మధ్యలో తీసి మెల్లగా కదిలిస్తే చాలు. కానీ మందుల షాపులో దొరికే ఎలాస్టిక్ రిస్ట్ బ్యాండ్ దండగ. అది బొటనవేలిని వదిలేస్తుంది. వేలి మొదలు దాకా కదలకుండా పట్టేది కావాలి.

ఇంజెక్షన్‌తో ఎముక కరగదు. గొట్టంలోకి సరిగ్గా పడితే చాలామందికి ఒక్కదానితోనే నొప్పి పోతుంది. నిజమైన ఇబ్బందులు వేరే ఉన్నాయి: అక్కడ చర్మం తెల్లబడొచ్చు, పలచబడొచ్చు, షుగరున్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు. కొందరికి ఆ గొట్టం లోపల అడ్డగోడ ఉండి మందు ఒక టెండన్‌కే అందొచ్చు, అప్పుడు సరిగ్గా పనిచేయకపోవచ్చు. అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తే మేలు. అప్పటికీ తగ్గకపోతే, చెయ్యి వరకే మత్తిచ్చి గొట్టం పైకప్పును కోసి విడదీసే చిన్న ఆపరేషన్ ఉంది.

సందేశంలో లేని విషయం ఒకటి. బొటనవేలి నొప్పి ప్రతిదీ ఇది కాదు. రాత్రిపూట బొటన, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కితే నరం మీద ఒత్తిడి అయ్యుండొచ్చు. బండి గుంతలో పడి చెయ్యి ఆనించాక బొటనవేలి మొదట్లోని పల్లంలో నొప్పి పుడితే మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగిందేమో చూడాలి. మొదటి ఎక్స్‌రేలో ఆ పగులు కనబడకపోవచ్చు. చేతిని కదలకుండా కట్టించుకుని, రెండు వారాల్లోపు ఎముకల డాక్టరుకు మళ్లీ చూపించండి.