పదమూడో ఫార్వర్డ్: ఒక జాతీయ సంక్షోభం

ఒలింపిక్స్‌కు వెళ్లే పురుషుల ఐస్ హాకీ జట్టులో 25 మంది ఉంటారు. 22 మంది స్కేటర్లు, అంటే గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌లు, ఎదుటివాళ్లను అడ్డుకునే డిఫెన్స్ ఆటగాళ్లు; ముగ్గురు గోలీలు, అంటే గోల్ కాపలాదార్లు. ఈ 25 పేర్లలో 20 పేర్లను హాకీ తెలిసిన ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తారు. మిగతా అయిదు పేర్ల కోసమే మేనేజర్లు, వాళ్ల సహాయకులు, స్కౌట్లు, ఆ స్కౌట్లకు సలహాదారులు సీజనంతా రింకుల (ఐసు మైదానాల) చుట్టూ తిరుగుతారు. ఆ అయిదింటిలోనూ జాతీయ ప్రాముఖ్యం ఉన్నది ఒక్కటే: పదమూడో ఫార్వర్డ్ ఎవరు?

ఈ పదవి విలువ తెలియని అమాయకుల కోసం కొంత వివరణ. మ్యాచ్ రోజు జెర్సీ తొడుక్కునేది 20 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు. ముగ్గురేసి ఫార్వర్డ్‌లతో నాలుగు లైన్లు కడితే 12 మంది అయిపోతారు. ఒక్కో లైను 45 సెకన్లు, కాస్త అటూ ఇటూగా, ఒళ్లు విరుచుకుని ఆడి బెంచికి వస్తుంది. వెంటనే మరో లైను రింకు అంచు బోర్డు మీంచి దూకుతుంది. పదమూడోవాడు ఈ నాలుగింటిలో దేనికీ చెందడు. ఎవరి స్కేటు బ్లేడో ఊడినప్పుడు, ఎవరో రెండు నిమిషాల పెనాల్టీకి వెళ్లి లైన్లు చెదిరినప్పుడు ఆయనకు పిలుపు వస్తుంది. 60 నిమిషాల ఆటలో నాలుగైదు నిమిషాలు ఐసు మీద ఉంటే ఆ రోజు ఆయనకు పని ఎక్కువైనట్టే. టీవీ చర్చల్లో సగం, కుటుంబాల్లో కలతలు సగం ఈ నాలుగైదు నిమిషాల గురించే. అది సముచితమే. ఆ నిమిషాలు పోగా మిగిలినవి మరీ క్లిష్టమైనవి కాబట్టి వాటి జోలికి ఎవరూ వెళ్లకపోవడమే మంచిది.

ఉదాహరణకు 60 నిమిషాలూ ఆడే మనిషి ఒకడున్నాడు. గోలీ. మ్యాచ్‌లో ఒక గోలీ మీదికి సుమారు 30 షాట్లు వస్తాయనుకుందాం. నూటికి 90 ఆపేవాడు మూడు గోల్స్ ఇస్తాడు. నూటికి 92 ఆపేవాడు రెండున్నర లోపే ఇస్తాడు. అంటే ఇద్దరు గోలీల మధ్య తేడా మ్యాచ్‌కు 0.6 గోల్. ఒక్క గోల్ తేడాతో తేలిపోయే నాకౌట్ మ్యాచ్‌లు కోకొల్లలు కాబట్టి, ఈ 0.6 ముందు పదమూడో ఫార్వర్డ్ జీవితకాలంలో చేయగల మేలు ఏపాటిదో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. వేసుకోరు. లెక్క తేలిపోతే చర్చ ఉండదు.

1998 నగానో ఒలింపిక్స్ దీనికి పెద్ద పాఠ్యగ్రంథం. ఉత్తర అమెరికా వృత్తి లీగు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు తొలిసారి ఒలింపిక్స్‌కు వచ్చిన సంవత్సరం అది. కెనడా పేరున్నవాళ్లందరినీ తెచ్చుకుంది. చెక్ జట్టులో దాదాపు సగం మంది యూరప్ లీగుల్లో ఆడుకునేవాళ్లు. కాకపోతే వాళ్ల గోల్ ముందు డొమినిక్ హాషెక్ అనే మనిషి దొర్లుతూ, పడుతూ, లేస్తూ ఉన్నాడు. సెమీఫైనల్ 1–1తో షూటౌట్‌కు (ఒక్కో ఆటగాడు గోలీతో ఒంటరిగా తలపడే పోటీకి) వెళ్లింది. కెనడా పంపిన అయిదుగురినీ హాషెక్ ఆపేశాడు. ఆ అయిదుగురిలో రే బోర్క్ అనే డిఫెన్స్ ఆటగాడున్నాడు. అప్పటికి ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన వేన్ గ్రెట్స్కీ మాత్రం బెంచి మీద కూర్చుని చూశాడు. చెక్‌లు ఫైనల్లో రష్యాను 1–0తో ఓడించి స్వర్ణం పట్టుకుపోయారు. కెనడాకు నాలుగో స్థానం. జట్టును ఎంపిక చేయడమొక ఎత్తు, చేసినవాణ్ణి సమయానికి గుర్తుపెట్టుకోవడం ఇంకొక ఎత్తు.

గోలీని ఎంచుకోవడం అయిపోయాక తీసేయడమనే కళ కూడా ఉంది. 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో అమెరికా కాలేజీ కుర్రాళ్లతో ఆడుతున్న సోవియట్ జట్టు మొదటి పీరియడ్ (ఆటలో మూడో వంతు) ముగిసేసరికి 2–2తో ఉంది. కోచ్ టిఖొనోవ్ అక్కడికక్కడే వ్లాదిస్లావ్ త్రెత్యాక్‌ను పక్కన కూర్చోబెట్టాడు. అప్పటికి ప్రపంచంలో ఆయన్ను మించిన గోలీ ఉన్నాడని వాదించేవాళ్లు అరుదు. అమెరికా 4–3తో గెలిచింది. ఇక 2002 సాల్ట్ లేక్ సిటీలో స్వీడన్ గోలీ టామీ సాలోను ఎవరూ తీసేయలేదు. బెలారస్ ఆటగాడు కొపాత్ దాదాపు మధ్య గీత దగ్గరి నుంచి కొట్టిన పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఆయన మాస్కుకు తగిలి, ఎగిరి, వెనక పడి గోల్లోకి వెళ్లింది. క్వార్టర్స్‌లో బెలారస్ 4, స్వీడన్ 3. తర్వాతి మ్యాచ్‌లో కెనడా ఆ బెలారస్‌నే 7–1తో చితక్కొట్టింది. ఈ రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టుకుని పతకావకాశాల గురించి అంచనా రాసేవాడికి పారితోషికం రెట్టింపు ఇవ్వాలి.

సరే, ఫార్వర్డ్‌లకే వద్దాం, పాఠకులు ఎదురుచూసేది వాళ్ల కోసమే కదా.

ఎంపిక సంఘం ముందు రెండు సిద్ధాంతాలు ఉంటాయి. మొదటిది, దేశంలో ఎక్కువ గోల్స్ కొట్టిన 14 మందిని తీసుకెళ్లడం. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. ఇబ్బందల్లా ఆ 14 మందీ తమ తమ క్లబ్బుల్లో మొదటి లైన్లో, మొదటి పవర్‌ప్లేలో (పెనాల్టీ వల్ల ప్రత్యర్థికి ఒకడు తక్కువైనప్పటి ఆటలో) ఆడేవాళ్లు కావడం. పవర్‌ప్లేలో ఐసు మీద అయిదుగురికే చోటు, పక్ ఒక్కటే. ఒకడు గోలీ కళ్లకు అడ్డంగా నిలబడాలి, ఇంకొకడు నడుమ తిరగాలి, ఇద్దరు పక్కల నుంచి పంచాలి, ఒకడు బ్లూ లైన్ (ఎదుటివాళ్ల భాగం మొదలయ్యే గీత) దగ్గర కాపు కాయాలి. గోలీ ముందు నిలబడే ఉద్యోగానికి నడుము మీద దెబ్బలు తప్ప గోల్స్ పెద్దగా దక్కవు కాబట్టి దానికి స్టార్లెవరూ దరఖాస్తు పెట్టుకోరు. పెనాల్టీ కిల్, అంటే మనవాడు పెనాల్టీకి వెళ్లినప్పుడు గోల్ పడకుండా కాచుకోవడం, దాని సంగతి మరీ ఘోరం. అక్కడ 170 గ్రాముల గడ్డకట్టిన రబ్బరు బిళ్ల గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే కాలు అడ్డం పెట్టాలి. నలభై గోల్స్ కొట్టినవాడి కాలు అమూల్యం. పైగా తీసుకున్నవాళ్లలో ఎనిమిది మంది సెంటర్లే (లైను నడుమ ఆడేవాళ్లే) అయితే నలుగురు వింగ్‌లో (పక్కన) ఆడాలి. వింగర్‌గా ఆడని సెంటర్ తన జోన్లో గోడవారగా వచ్చే పాస్‌ను ఒంటికి దగ్గరగా అందుకోలేక వదిలేస్తాడు, ఎదుటి డిఫెన్స్ అక్కడే కాచుకుని ఉంటుంది.

రెండో సిద్ధాంతం ‘కెమిస్ట్రీ’. టోర్నీకి ముందు కలిసి సాధన చేసే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు కాబట్టి, ఇప్పటికే క్లబ్బులో కలిసి ఆడుతున్న జంటల్ని యథాతథంగా దించాలంటుంది. 2014 సోచికి కెనడా క్రిస్ కునిట్స్‌ను ఇలాగే తీసుకెళ్లింది. స్టార్ ఆటగాడు సిడ్నీ క్రాస్బీ పక్కన ఆడతాడన్నదే ఆయన అర్హత అని దేశమంతా నవ్వింది. ఫైనల్లో స్వీడన్ మీద మూడో గోల్ కొట్టింది కునిట్స్. నవ్వినవాళ్లు ఆ తర్వాత ఏం చేశారన్నది చరిత్రలో నమోదు కాలేదు.

అదే జాబితాలో మొదట మార్టిన్ సెయింట్ లూయీ పేరు లేదు. అంతకు ముందు సీజన్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) సాధించినవాడాయన. ఆయన క్లబ్బు టాంపా బే. ఆ క్లబ్బుకు అప్పటి జనరల్ మేనేజర్ స్టీవ్ ఐజర్‌మన్. కెనడా జట్టును ఎంపిక చేసిన పెద్దమనిషీ ఆయనే. తన సొంత కెప్టెన్‌ను తానే పక్కన పెట్టి, మర్నాడు అదే డ్రెస్సింగ్ రూములో పలకరించవలసి రావడం నిష్పాక్షికతకు పరాకాష్ఠ. తర్వాత జాబితాలో ఉన్న స్టీవెన్ స్టామ్‌కోస్ కాలు విరిగిన గాయం నుంచి సకాలంలో కోలుకోకపోవడంతో సెయింట్ లూయీకి చోటు దొరికింది, స్వర్ణమూ దొరికింది. స్వర్ణం మెడలో పడ్డ కొద్ది రోజులకే, మార్చిలో, ఆయన కోరి మరీ న్యూయార్క్ రేంజర్స్‌కు వెళ్లిపోయాడు.

డిఫెన్స్‌కు వేరే శాస్త్రం ఉంది: చేతివాటం, అంటే కర్రను ఏ వైపున పట్టి ఆడతాడన్నది. ఎడమ పక్క ఎడమవాటం వాడు, కుడి పక్క కుడివాటం వాడు ఉండాలంటారు. ఇది మూఢనమ్మకం కాదు. వాటం తప్పిన వైపు ఆడేవాడు గోడవారగా వచ్చిన పక్‌ను బ్యాక్‌హ్యాండ్‌తో (కర్ర వెనక వైపుతో) అందుకోవాలి, తిప్పుకోవాలి, అప్పుడు పాస్ ఇవ్వాలి. ఈ అర సెకనులో ప్రత్యర్థి ఫార్వర్డ్ వీపెక్కి కూర్చుంటాడు. ఎడమవాటం వాళ్లు కావలసినంత మంది, కుడివాటం వాళ్లు కరువు. కనుక దేశంలో అయిదో ఉత్తమ ఎడమవాటం డిఫెన్స్ ఆటగాడు ఇంట్లో టీవీ చూస్తాడు, నాలుగో ఉత్తమ కుడివాటం వాడు విమానమెక్కుతాడు. సోచిలో కెనడా నలుగురు, నలుగురు అని తూచి మరీ తీసుకెళ్లింది. అలా వెళ్లిన కుడివాటం నలుగురిలో పి.కె. సుబ్బన్ ఒకడు. అంతకు ముందు ఏడాదే ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా నోరిస్ ట్రోఫీ అందుకున్నవాడు. టోర్నీ మొత్తంలో ఆడింది ఒక్క మ్యాచ్, ఆస్ట్రియాతో. జట్టు ఆరు మ్యాచ్‌ల్లో మూడే గోల్స్ ఇచ్చి స్వర్ణం గెలిచింది కనుక ఫిర్యాదు చేయడానికి చోటు లేదు.

అయితే ఫలితం ఎదురు తిరిగినప్పుడు ఇవే నిర్ణయాలు నేరాలవుతాయి. 2006 టూరిన్‌కు కెనడా పద్దెనిమిదేళ్ల క్రాస్బీని తీసుకెళ్లలేదు, అనుభవం చాలదని. ఆ సీజన్లో ఆ కుర్రాడు 102 పాయింట్లు సాధించాడు. అనుభవజ్ఞులు మాత్రం స్విట్జర్లాండ్ చేతిలో 0–2, ఫిన్లాండ్ చేతిలో 0–2, క్వార్టర్స్‌లో రష్యా చేతిలో 0–2తో ఓడి ఏడో స్థానంలో నిలిచారు. ఓటమిలో ఈపాటి నిలకడ అనుభవం లేనిదే రాదు. అప్పుడు రింకు వెడల్పును కూడా బోనెక్కించారు. ఎన్‌హెచ్‌ఎల్ రింకు దాదాపు 26 మీటర్లు, టూరిన్‌లో 30. ఆ నాలుగు మీటర్ల వల్ల వింగర్ గోల్‌కు దూరమవుతాడు, భారీ డిఫెన్స్ ఆటగాళ్లు మలుపు తిరిగేలోపు పక్ దాటిపోతుంది. అంతా నిజమే. సోచిలోనూ వెడల్పు అంతే. అక్కడ గెలిచారు గనక టేపు పట్టుకుని ఎవరూ రాలేదు.

పారదర్శకత విషయంలో అమెరికాది అగ్రస్థానం. 2014 జట్టు కోసం సంఘం చేసిన చర్చల్లో విలేకరులను కూర్చోనిచ్చారు, ఆ మాటలన్నీ అచ్చయ్యాయి. గోల్స్ కొట్టడంలో పేరున్న బాబీ ర్యాన్‌ను ఎందుకు వదిలేశారో, అతడిలో తీవ్రత ఏ మేరకు లోపించిందో, దేశంతో పాటు బాబీ ర్యాన్ కూడా చదువుకున్నాడు. తీవ్రత నిండిన జట్టు సోచి వెళ్లింది. సెమీస్‌లో కెనడాతో 0–1, కాంస్య పోరులో ఫిన్లాండ్‌తో 0–5. చివరి రెండు మ్యాచ్‌ల్లో గోల్స్ కొట్టడమొక్కటే కుదరలేదు.

కానీ అదే సంఘం చేసిన ఒక చిన్న పని మెచ్చుకోదగ్గది. షూటౌట్‌లో మొదటి ముగ్గురి తర్వాత ఒకే ఆటగాణ్ణి ఎన్నిసార్లైనా పంపొచ్చని అప్పటి అంతర్జాతీయ నిబంధన. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ వీలు లేదు. నిబంధనల పుస్తకం చదివినట్టున్నారు, షూటౌట్లలో చెయ్యి తిరిగిన టి.జె. ఓషీని తీసుకెళ్లారు. రష్యా మీద ఆయన ఆరుసార్లు వెళ్లి నాలుగు గోల్స్ కొట్టి మ్యాచ్ గెలిపించాడు. జాబితా అడుగున ఉండే చోటుకు ఇంతకన్నా తెలివైన వాడకం నాకు తెలిసి లేదు. అందుకే కాబోలు ఇది ఆనవాయితీ కాలేదు.

ఇక పతకావకాశాలు. ప్రత్యర్థి ఎవరైనా పదింట ఏడుసార్లు ఓడించగల జట్టు మీకుందనుకుందాం. ఈ ఆటలో అది సామాన్యమైన ఆధిక్యం కాదు. గ్రూపు దశ దాటాక స్వర్ణానికి వరసగా మూడు గెలవాలి: 0.7ను మూడుసార్లు గుణిస్తే 34 శాతం. క్వార్టర్స్‌లోనే సామాను సర్దుకునే అవకాశం 30 శాతం. ఏదో ఒక పతకం వచ్చే అవకాశం 64 శాతం. అంటే అభిమానులు స్వర్ణం తప్ప మరేదీ ఒప్పుకోమని ప్రమాణం చేసిన జట్టు కూడా మూడింట రెండుసార్లు వాళ్లను నిరాశపరచి తీరుతుంది. 2025 ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో క్రాస్బీ, నేథన్ మెకినన్ ఉన్న కెనడాను డెన్మార్క్ 2–1తో ఇంటికి పంపింది. ఎంపికలో లోపం వెతకడం మర్నాడే మొదలైంది. గుణకారంలో లోపం ఎవరూ వెతకలేదు.

మహిళల విభాగంలో విశ్లేషకులకు పని తక్కువ. 1998లో ఆట ఒలింపిక్స్‌లో చేరినప్పటి నుంచి ఫైనల్లో ఎదురెదురుగా నిలిచేది దాదాపు ఎప్పుడూ అమెరికా, కెనడాలే. 2006లో మాత్రం స్వీడన్ సెమీస్‌లో అమెరికాను షూటౌట్‌లో ఓడించింది. ఎలా అంటారా? గోలీ కిమ్ మార్టిన్, వయసు 19. గోలీ మాట వద్దనుకున్నాం కాబట్టి ముందుకు సాగుదాం.

సొంతగడ్డ మీద మనుషులు చాలనప్పుడు పాస్‌పోర్టుల సిద్ధాంతం ఉంది. 1936లో బ్రిటన్ ఇలాగే స్వర్ణం కొట్టింది. బ్రిటన్‌లో పుట్టి కెనడాలో పెరిగి, ఐసు మీద నడవడం అక్కడే నేర్చినవాళ్లతో జట్టు నిండింది. గ్లాస్గోలో పుట్టి విన్నిపెగ్‌లో పెరిగిన జిమ్మీ ఫోస్టర్ దానికి గోలీ. 2018లో దక్షిణ కొరియా, 2022లో చైనా ఉత్తర అమెరికా ఆటగాళ్లకు పౌరసత్వమిచ్చి పురుషుల జట్లను బలపరిచాయి. రెండు జట్లూ ఒక్క మ్యాచ్ గెలవలేదు. సూత్రం అదే, ఫలితం మాత్రం వేరు.

ఎంపికలో అంతిమ సోపానం 2018 కొరియా మహిళల జట్టు. ఉత్తర, దక్షిణ కొరియా ప్రభుత్వాలు మాట్లాడుకుని, క్రీడలకు కొద్ది వారాల ముందు 23 మంది దక్షిణాది ఆటగాళ్లకు 12 మంది ఉత్తరాది వాళ్లను కలిపారు. జాబితా 35. జెర్సీ తొడిగేది 22 మందే. అందులో కనీసం ముగ్గురు ఉత్తరాది వాళ్లుండాలని షరతు. కోచ్ లైన్లు కట్టే కాగితం మీద దౌత్యవేత్తల సంతకాలు కూడా ఉండాల్సింది. మొదటి రెండు మ్యాచ్‌ల్లో స్విట్జర్లాండ్ చేతిలో 0–8, స్వీడన్ చేతిలో 0–8తో ఓటమి. అన్ని పక్షాలూ విజయం సాధించినట్టు ప్రకటించాయి.

గెలుపు వస్తే ఏం చేయాలో లాట్వియా చూపించింది. 2023లో రీగా, టాంపెరె నగరాల్లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అమెరికాను 4–3తో ఓడించి కాంస్యం గెలవగానే, ఆ రాత్రే పార్లమెంటు సమావేశమై మర్నాడు సెలవు ప్రకటించింది. కాంస్యానికి. కెనడా పద్ధతి వేరు. నగానోలో పతకం రాకపోయాక 1999లో టొరంటోలో ఆట భవిష్యత్తు మీద సదస్సు పెట్టారు. పిల్లలకు మ్యాచ్‌లు తగ్గించి సాధన పెంచాలని, నైపుణ్యం మీద దృష్టి పెట్టాలని పెద్దలు తలలూపారు. 2002లో, యాభై ఏళ్ల తర్వాత, పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. అదే ఐసు మీద మహిళలూ గెలిచారు. మేనేజర్ ఎంపికలు, కోచ్ వ్యూహం, సదస్సు తీర్మానాలు అన్నీ తలా కాస్త కీర్తి పంచుకున్నాయి. తర్వాత తెలిసిందేమంటే, ఐసు వేసే బృందంలోని ఒక కెనడా మనిషి రింకు నట్టనడుమ, ఫేసాఫ్ చుక్క (ఆట మొదలుపెట్టే చోటు) కింద, ఒక డాలరు నాణేన్ని గుట్టుగా పూడ్చిపెట్టాడట. ఆ నాణెం ఇప్పుడు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది. దాన్ని పెట్టినవాణ్ణి ఏ సంఘమూ ఎంపిక చేయలేదు. ఆయన ఎడమవాటమో కుడివాటమో కూడా ఎవరూ అడగలేదు.