మల్లెకు నప్పిన కత్తిరింపు కాగితంపూలకు నప్పదు

ఏటా జనవరి రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతుంది. సారం ఇది: సంక్రాంతి వెళ్లగానే ఇంట్లోని పూలమొక్కలన్నిటినీ మోకాలెత్తుకు కత్తిరించండి, ఎంత ఎక్కువ కోస్తే అంత ఎక్కువ పూస్తాయి, కోసిన చోట పసుపు ముద్ద పెట్టండి, వెంటనే చెంచా యూరియా వేసి రోజూ నీళ్లు పోయండి, ఆకులు పాలిపోతే ఎప్సమ్ సాల్ట్ వేయండి. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతున్నారు. కానీ దీన్ని నమ్మి చాలామంది నిండుగా పూస్తున్న చెట్లను మోడు చేసుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటా విడిగా చూడాలి.

"సంక్రాంతి వెళ్లగానే అన్నిటినీ కత్తిరించాలి"

మల్లె విషయంలో ఇది చాలావరకు నిజం. ఈ సలహా మల్లెతోటల నుంచే ఇళ్లలోకి వచ్చి ఉంటుంది. మల్లె కొత్త చిగుళ్ల మీద పూస్తుంది కాబట్టి నవంబరు ఆఖరు నుంచి జనవరి ఆఖరు లోపు కత్తిరిస్తే వేసవికి మొగ్గ పడుతుంది. పది, పదిహేను రోజుల ముందు నుంచి నీళ్లు తగ్గించాలి. తర్వాత నేల నుంచి 45–50 సెంటీమీటర్ల ఎత్తున కోసి, మిగిలిన ఆకులు దూసేసి, మొదలు చుట్టూ మట్టి గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు కిలోలు కలిపి తడి ఇవ్వాలి. ఆకులు దూయడం దండగ పని కాదు. పాత ఆకు పోతేనే ప్రతి కణుపూ మేల్కొంటుంది. పారిజాతాన్ని కూడా పూత అయిపోయాక, జనవరి ప్రాంతంలో కోయవచ్చు.

కాగితంపూలకు మాత్రం ఇది తలకిందుల సలహా. మన దగ్గర వానలు తగ్గి పొద్దు చిన్నదయ్యాక ఆ చెట్టు పూతకు వస్తుంది, ఎండలు ముదిరేదాకా పూస్తుంది. సంక్రాంతికి కోయడమంటే చెట్టు నిండా ఉన్న పూతను చెత్తబుట్టలో వేయడమే. దాని పెద్ద కత్తిరింపు జూన్, జూలైలో, వేసవి పూత రాలిపోయాక చేయాలి. సెప్టెంబరు దాకా పొడవు సాగిన చిగుళ్ల కొసలు తుంచుతూ ఉండి, అక్టోబరు నుంచి కత్తెర పక్కన పెట్టి నీళ్లు తగ్గించాలి. రాధామనోహరం కూడా అంతే, ఒక విడత పూత ముగిశాకే కోయాలి. నందివర్ధనం ఎప్పుడు కోసినా తట్టుకుంటుంది.

"ఎంత కోస్తే అంత పూత"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే. కాగితంపూల కొమ్మను దగ్గరగా చూడండి. ముల్లు ఎక్కడి నుంచి వచ్చిందో, పూలకాడ కూడా అక్కడి నుంచే వస్తుంది: ఆకు మొదట్లో. కొమ్మ జోరుగా ఎదుగుతుంటే అక్కడి మొగ్గ ముల్లవుతుంది, జోరు తగ్గితే పూలకాడ అవుతుంది. మొదలంటా నరికిన చెట్టుకు వేళ్ల బలమంతా అలాగే ఉంటుంది. ఆ బలంతో తాటిపట్టెల్లా నిటారుగా నీటి కొమ్మలు లేస్తాయి. ఆరడుగులు పెరుగుతాయి, కణుపు కణుపునా ముల్లే, పువ్వు ఒక్కటీ ఉండదు. "కోశాక అడవిలా పెరిగింది గానీ పూయలేదు" అని వాపోయేవాళ్ల చెట్లకు జరిగింది ఇదే. అలాంటి కొమ్మను మళ్లీ మొదలంటా నరికితే అదే కథ మొదటికి వస్తుంది. మొదట్లో మూడు నాలుగు కణుపులు వదిలి కొస తీసేయండి. ఆ కణుపుల నుంచి వచ్చే పక్కకొమ్మలు పూస్తాయి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలకపోతే మాత్రం ఏ కత్తిరింపూ పని చేయదు.

మందారం మరోలా దెబ్బతింటుంది. అదీ కొత్త చిగురు మీదే పూస్తుంది గానీ, బాగా ముదిరిన లావు కాండంలో చిగురించే మొగ్గలు తక్కువ. మోకాలెత్తుకు నరికితే కొన్ని కాండాలు చిగురించకుండానే ఎండిపోతాయి. చిగురించినా పూతకు రెండు మూడు నెలలు పడుతుంది, ఆ లోపు మార్చి ఎండ నీడలేని బెరడును కాలుస్తుంది. కాబట్టి మందారాన్ని విడతలుగా కోయండి. ముందు మూడో వంతు కొమ్మలు, అవి చిగురించాక, అంటే సుమారు మూడు వారాలకు, మరికొన్ని. బయటి వైపు చూస్తున్న కణుపుకు అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కోయాలి. కణుపుకు బాగా ఎత్తున కోస్తే మిగిలిన మొండెం ఎండి, ఆ ఎండు కిందికి దిగుతుంది.

నూరువరహాలు నిదానంగా పెరిగే మొక్క, గుత్తి కొమ్మ కొసన వస్తుంది. కొసలన్నీ కోస్తే ఆ విడత పూత మొత్తం పోయినట్టే. దేవగన్నేరుకూ ఇదే వర్తిస్తుంది.

ఇంకో సంగతి. చెట్టును ఒకే ఎత్తున సమానంగా కోస్తే కోతకు దిగువన ఉన్న రెండు మూడు కణుపులే విపరీతంగా చిగురిస్తాయి. పైన గొడుగులా కమ్ముకుంటుంది, లోపలికి ఎండ దిగక అడుగు బోసిపోతుంది. అదుపు తప్పిన పొదను దారికి తెచ్చేది ఎత్తు తగ్గించడం కాదు, పలచన చేయడం. మొదట్లో ఎక్కువ కాండాలున్న పొదలో ఏటా అన్నిటికన్నా ముసలి కాండాలను మూడో వంతు నేలమట్టానికి తీసేయండి. మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది, ఏ ఏడూ పూత ఆగదు.

"కోసిన చోట పసుపు పెట్టాలి"

పెడితే హాని లేదు, అవసరమూ లేదు. చెట్టు గాయాన్ని మనిషి చర్మంలా మాన్పుకోదు. దెబ్బ తిన్న భాగాన్ని లోపలి నుంచి గోడ కట్టి వేరు చేస్తుంది. దీన్ని వివరంగా చూపినవాడు అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో. గాయాలకు పూసే పూతలు కుళ్లును ఆపవని కూడా ఆయన తేల్చాడు. పసుపు కన్నా పదునైన సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) ముఖ్యం. మొద్దు కత్తెర బెరడును నలిపేస్తుంది. ఒక మొక్క నుంచి మరో మొక్కకు వెళ్లేముందు దాని అంచును స్పిరిట్‌తో తుడవండి. వాన పడుతున్న రోజు కోయకండి.

"వెంటనే యూరియా, రోజూ నీళ్లు"

ఆకులు లేని మొక్క పెద్దగా నీళ్లు తాగదు. రోజూ పోస్తే కుండీలో వేళ్లు కుళ్లుతాయి. రెండు అంగుళాల లోతున వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే పోయండి. యూరియా కూడా అప్పుడే వద్దు. కుండీలో అది వేళ్లను కాలుస్తుంది, కాగితంపూలకైతే నీటి కొమ్మల జోరును ఇంకా పెంచుతుంది. చిగుళ్లు రెండంగుళాలు వచ్చాక పన్నెండు అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టు, ఒక చిన్న గుప్పెడు వేపపిండి చాలు. మందారం లేత చిగుళ్లలో తెల్లటి పిండినల్లి చేరేది కూడా ఈ దశలోనే. ఆకు మడతలు చూసి, కనపడిన రెమ్మను తుంచి సబ్బు నీళ్లలో ముంచేయండి.

"ఆకులు పాలిపోతే ఎప్సమ్ సాల్ట్"

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం తగ్గితే ముందు పాలిపోయేవి అడుగున ఉన్న ముదురు ఆకులు. కొస ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే లోపం ఇనుముది. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసే ఇళ్లలో, సిమెంటు రాలిన గోడ పక్క మట్టిలో నూరువరహాలకు ఇది మామూలు. దానికి లీటరు నీళ్లలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకు మరోసారి. ఎప్సమ్ సాల్ట్ పదే పదే వేస్తే మొక్క కాల్షియం, పొటాష్ తీసుకోవడం తగ్గుతుంది.

ఆ సందేశంలో లేనిది, అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటుంది: గన్నేరు. ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు రెండిటిలో ఆకు, కొమ్మ, పాలు, గింజ అన్నీ విషమే. ఎండినా విషం పోదు, కాల్చితే పొగ కూడా ప్రమాదం. కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, కంటికి పాలు తగలనివ్వకండి. కోసిన రెమ్మలను మేకలు, ఆవులు తిరిగే చోట పారేయకండి, పొయ్యిలో పెట్టకండి. అడుగున్నర లోతు గుంట తీసి పూడ్చేయండి. పిల్లలున్న ఇంట్లో పచ్చగన్నేరు కాయలను పచ్చిగా ఉన్నప్పుడే కోసి అదే గుంటలో వేయండి.