పళ్లు చూసి బేరమాడండి

గిత్తను కొనేవాడు ముందు దాని నోరు తెరుస్తాడు. గ్రాఫిక్స్ కార్డు కొనేవాడు ధర విని తన నోరు తెరుస్తాడు. మొన్న వేసవిలో మా ఇంటి బడ్జెట్టు బోల్తా పడింది సరిగ్గా ఇక్కడే. ఒంగోలు సంతపేటలో కాపురముంటూ సంతబేరం చేతకాలేదంటే ఎంత నామర్దానో వేరే చెప్పక్కర్లేదు. అయినా ప్రజాహితం కోరి, ఉన్న కాస్త పరువునూ పణంగా పెట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా ఇంట్లో ఒక కంప్యూటరుంది. ఏదో ఆఫీసులో ఆరేళ్లు ఊడిగం చేసి, రిటైరై, సెకండ్‌హ్యాండ్ కొట్టు మీదుగా మా ఇల్లు చేరిన సన్న డబ్బా. ఆరో తరం ఐ5 ప్రాసెసరు, ఎనిమిది జీబీ ర్యామ్, పక్కన ఆ ఆఫీసువాళ్లు అతికించిన నంబరు స్టిక్కరు. కరెంటు బిల్లు కట్టడం, రైలు టికెట్టు తీయడం, మా ఆవిడ పొదుపు సంఘం లెక్కలు రాయడం. ఇంతకు మించి దాన్ని మేమెవరం కష్టపెట్టలేదు. మావాడు ఇంటర్ రెండో ఏడాదిలోకి వచ్చేదాకా.

"నాన్నా, దీనికి గ్రాఫిక్స్ కార్డు కావాలి."

"ఎందుకురా?"

"త్రీడీ బొమ్మల్లో చూస్తే ఫిజిక్స్ బాగా అర్థమవుతుందంట."

మా రోజుల్లో ఫిజిక్స్ అర్థం కాకపోతే ట్యూషన్ పెట్టించేవాళ్లు, అప్పటికీ కాకపోతే బెల్టు తీసేవాళ్లు. ఇప్పుడు తెర మీద బొమ్మలు గీసే ఈ కార్డు పెట్టించాలి. సరే, కాలం.

ఇంత పెద్ద నిర్ణయం ఒంటరిగా తీసుకోకూడదని కుటుంబ మంత్రివర్గాన్ని సమావేశపరిచాను. మాదాపూర్ నుంచి మా బావమరిది వీడియో కాల్లో హాజరయ్యాడు. "కొంటే పెద్దదే కొను బావా, ఫ్యూచర్ ప్రూఫ్‌గా ఉంటది" అన్నాడు. తన జేబులోంచి పోనిది ఏదైనా మా బావమరిదికి ఫ్యూచర్ ప్రూఫే. ఎన్ని జీబీ, ఎన్ని ఫ్యాన్లు, లైట్లు వెలుగుతాయా, వెలిగితే రంగులు మారతాయా అని రెండు గంటలు చర్చ జరిగింది. డబ్బా వెనక మూలన దుమ్ముకొట్టుకుని కూర్చున్న, అన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై ఊసు ఒక్కరూ ఎత్తలేదు. పెళ్లిచూపుల్లో వంటమనిషి సంగతి ఎవరడుగుతారు? బంతులు వేసి ఆకులు పరిచాక గదా గుర్తొచ్చేది.

ఊళ్లోనే ఒక కొట్టులో వాడిన కార్డు దొరికింది. జీటీఎక్స్ 1060, ఆరు జీబీ. 2016లో పుట్టింది, వయసులో మా డబ్బాకు ఈడూజోడూ. కొట్టు కుర్రాడు దాన్ని పట్టుకుని, వెనక ఉన్న ఆరు పిన్నుల సాకెట్టు చూపించి, "మీ సప్లైకి ఈ వైరు రాదు సార్, కన్వర్టర్ వేస్తే సరిపోద్ది" అని హార్డ్ డిస్కుకు పెట్టే సాటా ప్లగ్గు నుంచి ఆరు పిన్నులు తీసే చిన్న వైరు చేతిలో పెట్టాడు. నూటయాభై రూపాయలు. సైన్సు ఇంత చవగ్గా దొరుకుతుంటే కాదనేవాడెవడు?

ఇంటికి తెచ్చి చూస్తే కార్డు ఎత్తు డబ్బా ఎత్తుకు మించిపోయింది. మావాడు స్క్రూలు విప్పి, కార్డుకున్న ఇనప పట్టీ పీకేసి, డబ్బా మూత తీసి మంచం కిందకు తోసేసి, కార్డు తల బయటికి పెట్టి బిగించాడు. ఆటోలో ఎక్కించిన గొర్రెపోతులా అది తల ఎత్తి అందర్నీ చూస్తుండేది. రెండు రోజులు ఇంట్లో ఫిజిక్స్ బ్రహ్మాండంగా సాగింది. న్యూటన్ సూత్రాలకు తుపాకులెందుకో, కార్లు గోడలకు గుద్దుకోవడమెందుకో నేనడగలేదు. మధ్యమధ్యలో తెర నల్లబడి కంప్యూటర్ దానంతటదే మళ్లీ మొదలయ్యేది. "అప్‌డేట్ నాన్నా" అనేవాడు.

మూడో రాత్రి కమురు వాసన. మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తింది. గ్యాసు కట్టేసే ఉంది. తీరా చూస్తే ఆ నూటయాభై రూపాయల ప్లగ్గు. తెల్లటి ప్లాస్టిక్కు ఒక పక్క గోధుమరంగు తిరిగి, నూనెలో వేసిన వడియంలా పొంగి, దాని కోర హార్డ్ డిస్కు వైరుకు అంటుకుపోయి ఊడి రానంటోంది.

మర్నాడు పొద్దున్నే కంటి పరీక్షకని మా చిన్నాన్న కరవది పక్కనుంచి దిగాడు. ఒకప్పుడు జత గిత్తల్ని మేపి పోటీలకు తోలుకెళ్లిన మనిషి. శుక్లాలు ముసిరిన కళ్లతో ఆ డబ్బా ముందు గొంతుక్కూర్చుని, కార్డు వెనక వేలు పెట్టి తడిమాడు.

"ఏందిరా ఇయ్యి?"

"పిన్నులు తాతా. కరెంటు వచ్చేది వీట్లోంచే."

"ఎన్ని?"

"ఆరు."

"ఆరు పళ్ల గిత్తను తెచ్చి మేకపిల్ల మేత వేస్తే ఎట్టారా?"

ఇంజనీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్లు చెప్పినా ఎక్కని పాఠం ఇది. సంక్రాంతికో, తిరునాళ్లకో మా వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు తెలుసు. పాలపళ్ల విభాగం వేరు, రెండు పళ్లది వేరు, నాలుగు పళ్లది, ఆరు పళ్లది వేరు, ఆ పైన జూనియర్లు, సీనియర్లు. పళ్లను బట్టి బండ బరువు. పాలపళ్ల దూడను తెచ్చి సీనియర్ల బండకు కట్టేవాణ్ని ఊరు ఊరంతా చేరి తంతుంది. కార్డుల్లోనూ లెక్క ఇదే. పళ్లు లేని కార్డు మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు ఇచ్చే 75 వాట్లతో కడుపు నింపుకోవాలి. ఆరు పళ్లుంటే ఆ సాకెట్టు నుంచి ఇంకో 75 దాకా తీసుకోవచ్చు. ఎనిమిది పళ్లుంటే 150 దాకా. మేము తెచ్చిన 1060 ఖరీదులో చిన్నదే గానీ తిండి 120 వాట్లు. దానికి మేము కట్టిన సాటా ప్లగ్గు 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లు. వడియం కాక ఏమవుతుంది?

పశువుకు ముందు పళ్లు ఎనిమిదికి మించి రావు, అదీ కింది దవడకే. బజారులో ఇప్పుడు పదహారు పళ్ల జాతి కూడా దిగింది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 తిండి 450 వాట్లు. అమెరికాలో లక్షలు పోసి కొన్నవాళ్లకు కూడా ఆ పదహారు పిన్నుల ప్లగ్గు కొందరికి కరిగింది కాబట్టి మా వడియం ముచ్చట అంతర్జాతీయ స్థాయిదని మనవి. 2025లో వచ్చిన 5090ది 575 వాట్లు. చిన్నాన్నకు వాట్లు ఎక్కవని హార్స్‌పవర్‌లోకి మార్చి చెప్పాను, ముప్పావు హార్స్‌పవర్ పైమాటేనని. "మోటారా? మరి నీళ్లు పోస్తదా?" అన్నాడు.

ఇక సప్లై సంగతి. మాది 240 వాట్లు. ప్రాసెసరుకు 65 తీసేయండి. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు వగైరా పరివారానికంతా కలిపి ఓ 50. మిగిలేది 125. 120 తినే కార్డుకు అది చాలు కదా అని మావాడి వాదన. అట్ట మీద రాసిన వాట్లు నిలకడ మీద తినే తిండి. మిల్లీసెకన్ల పాటు అంతకు రెట్టింపు దాకా గుంజే కార్డులూ ఉన్నాయి. నిలబడ్డ బండను కదిలించేటప్పుడు గిత్తలు వేసే మొదటి గుంజు వేరు, కదిలాక లాగడం వేరు. ఆ మొదటి గుంజుకే మా సప్లై చేతులెత్తేసేది. మావాడి భాషలో అదే అప్‌డేట్.

"అయితే సప్లై మార్చేద్దాం" అని మళ్లీ కొట్టుకు వెళ్లాం, ఈసారి చిన్నాన్నను వెంటబెట్టుకుని. కుర్రాడు 450 వాట్లదంటూ ఒకటి బల్ల మీద పెట్టాడు. చిన్నాన్న దాన్ని ఒంటిచేత్తో ఎత్తి, ఊపి చూసి, "ఇదేందయ్యా, తవుడు తీసేసిన గోతంలా ఉంది" అని కింద పెట్టాడు. నేను కళ్లజోడు పెట్టుకుని పక్కనున్న పట్టిక చదివాను. కార్డూ ప్రాసెసరూ తినేది 12 వోల్టుల గడిలోంచి. అక్కడ 16 ఆంపియర్లని ఉంది. పన్నెండు పదహార్లు నూటతొంభై రెండు. మిగతా రెండున్నర వందలు ఏ గడిలో ఉన్నాయంటే 5 వోల్టుల్లో కొంత, 3.3 వోల్టుల్లో కొంత, శుభలేఖ మీద వేసుకునే బిరుదుల్లాగా అట్టపెట్టె మీద ఇంకొంత. మా పాత 240 సప్లైలో దాదాపు అంతా 12 వోల్టుల గడిలోనే ఉంది, అదే బరువు. అయినా మంచి సప్లై కొందామన్నా మా డబ్బాకు కుదరదట. ఆఫీసు డబ్బాల్లో కొన్నిటికి బోర్డు ప్లగ్గు కూడా ఆ కంపెనీకే ప్రత్యేకం, మామూలు సప్లై వైరు దూరదు. ఇల్లరికపు అల్లుడికి ఆ ఇంటి వంటే గతి.

మావాడు ఊరుకోలేదు. కృష్ణపట్నం దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో మూడు యూనిట్లు, ఒక్కోటి 800 మెగావాట్లు, మొత్తం 2400 మెగావాట్లు తయారవుతుంటే మనింట్లో వంద వాట్ల దగ్గర పంచాయితీ ఏంటని నిలదీశాడు. సోమశిల నిండా నీళ్లున్నా మన చెంబుకు పట్టేది చెంబెడే అన్నాను. వాడికి సోమశిల తెలుసు గానీ చెంబు తెలియదు.

కాబట్టి పళ్లు లేని కార్డే శరణ్యమని తేలింది. ఇక్కడ ఇంకో గోతి ఉంది, జాగ్రత్త. మన ఒంగోలు గిత్త సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి అక్కడ 'నెలోరే' అయింది. అదీ మన నెల్లూరి పేరే. వియాటినా-19 అనే నెలోరే ఆవు వెల నలభై లక్షల డాలర్ల పైమాట పలికింది. పేర్లు రెండైనా పశువు ఒకటే. కార్డుల సంతలో అచ్చం దీనికి తిరగేసి: పేరు ఒకటే, పశువులు రెండు. ఆర్‌టీఎక్స్ 3050 అని అడగండి. ఎనిమిది జీబీది 2022లో వచ్చింది, 130 వాట్లు తింటుంది, పళ్లుంటాయి. ఆరు జీబీది 2024లో వచ్చింది, 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది, లోపల లెక్కలు చేసే కోర్లు 2560 నుంచి 2304కు తగ్గాయి. రెండు జీబీలే గదా తేడా అని కొట్టువాడు అంటాడు. జీటీఎక్స్ 1650 పుట్టుకతో 75 వాట్లదే గానీ కొన్ని కంపెనీలు దానికీ ఆరు పళ్లు కట్టి అమ్మాయి. జీటీ 1030 కథ మరీ అన్యాయం. ముందు వచ్చినదాంట్లో జీడీడీఆర్5 మెమరీ, 2018లో అదే పేరుతో వచ్చినదాంట్లో మామూలు డీడీఆర్4, మెమరీ వేగం చూస్తే మూడో వంతు. సంతలో ఇలా ఎద్దును మార్చి కట్టేస్తే పెద్దమనుషుల్లో పెట్టి తప్పు వేస్తారు.

53 వాట్లకే వచ్చే ఆర్‌ఎక్స్ 6400ను కూడా చూశాం. తిండి తక్కువే, మంచిదే. కాకపోతే డేటా నడిచే దారులు, అంటే లేన్లు, పదహారున్న స్లాటులో కూర్చుని నాలుగు లేన్ల మీదే నడుస్తుంది. కొత్త బోర్డులో దాని వేగానికి అది చాలు, మా పాత బోర్డులో ఆ నాలుగు లేన్ల వేగమూ సగమే. నెల్లూరు దాకా ఆరు వరసల హైవే వేసి మనల్ని సర్వీసు రోడ్డులో తోలినట్టు. ఇంటెల్ ఆర్క్ ఏ380 ఉంది గానీ అది సరిగా పనిచేయాలంటే బోర్డులో రీసైజబుల్ బార్ అనే సదుపాయం కావాలి, రిటైరైన మా డబ్బాకు ఆ సంగతే తెలియదు.

చివరికి ఆరు జీబీ 3050నే ఖాయం చేశాం, పొట్టి పట్టీతో వచ్చే లో ప్రొఫైల్ రకం. పద్దెనిమిది వేల చిల్లర, అందులో జీఎస్టీ పద్దెనిమిది శాతం. కాలిన ప్లగ్గు సంగతి చెప్పకుండా పాత 1060ను ఎక్కడ తెచ్చామో అక్కడే సగం ధరకు ఇచ్చేశాం. ఇది వ్యాపార రహస్యం, పైకి అనకండి.

పార్సిల్ వచ్చిన రోజు చిన్నాన్న మళ్లీ ఒంగోల్లోనే ఉన్నాడు. ఒక కంటికి ఆపరేషను అయింది, నల్లద్దాలు పెట్టుకున్నాడు. మావాడు కార్డు తీసి చేతికిచ్చాడు. అటూ ఇటూ తిప్పాడు, అరచేతిలో బరువు చూశాడు. వెనక వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా నింపాదిగా తడిమాడు. పిన్నులెక్కడా తగల్లేదు.

"మూపురం లేదేందిరా?"

"డబ్బా మూత పట్టాలి గదా తాతా. అందుకే పొట్టిది తెచ్చాం."

మావాడు స్లాటులో నొక్కి, మంచం కింద నుంచి మూత లాగి, దుమ్ము దులిపి బిగించాడు. స్విచ్ వేశాడు. తెర వెలిగింది, వాసనేమీ లేదు. మా ఆవిడ అయినా ఒకసారి వంటింట్లోకి తొంగి చూసి వచ్చింది.

చిన్నాన్న డబ్బా మీద చెయ్యి వేసి నిమిరాడు.

"పాలపళ్లదేగా. బాగా మేపండి. ఏడాది తిరిగేసరికి రెండు పళ్లేస్తదిలే."

"వేస్తది తాతా" అన్నాడు మావాడు, నా వైపు చూస్తూ.