డిస్కౌంట్ మీద బేరం, కొటేషన్ మీద సంతకం

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాకు కిలో తరుగు ఎక్కువ తీస్తే ఊరుకునే మనిషి కాదు మా బావ. అలాంటాయన కిందటేడు హన్మకొండలో ఓ కార్ల షోరూంలో కూర్చొని కాఫీ తాగి, "సార్, మీ కోసం మేనేజర్‌తో మాట్లాడి ఇరవై వేలు తగ్గించా" అన్న మాటకు కరిగిపోయాడు. చేతిలో పెట్టిన కొటేషన్‌ను చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి విప్పితే ఇన్సూరెన్స్ 48 వేలు, యాక్సెసరీస్ కిట్ 24 వేలు, హ్యాండ్లింగ్ చార్జీ 8 వేలు.

ఎక్స్-షోరూం ధర కంపెనీ పెట్టేది. లైఫ్ ట్యాక్స్ సర్కారుకు పోయేది. చిన్న కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి దిగడం కూడా అందరికీ వర్తించేదే, దాన్ని షోరూం ఆఫర్‌గా చెబితే నవ్వుకోవాలి. కారు అమ్మితే డీలర్‌కు మిగిలేది తక్కువ. ఇన్సూరెన్స్ కమిషన్, లోన్ ఇప్పించినందుకు బ్యాంకు ఇచ్చే డబ్బు, సీటు కవర్లు, ఎక్స్‌టెండెడ్ వారంటీ... అతని సంపాదన ఎక్కువగా కొటేషన్‌లోని ఈ కింది లైన్లలోనే ఉంటుంది. వ్యాపారమన్నాక అంతే. మనం మాత్రం బేరమంతా పై లైనులోని కారు ధర మీదే చేసి వస్తాం.

ఇన్సూరెన్స్ సంగతే చూడండి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి. ఇంజిన్ 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉంటే దానికి 2022లో నిర్ణయించిన ప్రీమియం, జీఎస్టీ కాకుండా, 10,640 రూపాయలు. ఎవరి దగ్గర తీసుకున్నా అంతే. తేడా వచ్చేదల్లా సొంత డ్యామేజీ భాగంలో, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేదాంట్లో. అదే ఐడీవీ (బీమా కంపెనీ బండికి కట్టే విలువ), అదే జీరో డెప్ (పాతబడిన భాగాలకు విలువ కోయకుండా ఇచ్చే కవర్)తో బయట అడిగితే మా బావకు 36 వేలే చెప్పారు. ఐడీవీ తగ్గించి ప్రీమియం తక్కువని చూపించేవాళ్లూ ఉంటారు, అందుకే రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకోవాలి.

లోన్ దగ్గర ఇంకో మడత. "ఏడు శాతమే సార్" అంటారు, అది ఫ్లాట్ రేటని, అంటే అసలు తీరుతున్నా మొదటి అప్పు మొత్తం మీదే వేసే వడ్డీ అని చెప్పరు. ఆరు లక్షలు, ఐదేళ్లు, ఫ్లాట్ 7 శాతం అంటే ఈఎంఐ 13,500. తగ్గే అసలు మీద లెక్క వేస్తే అది దాదాపు పన్నెండున్నర శాతం వడ్డీ. 2024 అక్టోబర్ నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వార్షిక రేటు రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇచ్చి తీరాలి. నెల కిస్తీ తర్వాత, ముందు ఆ కాగితం చూడాలి.

వరంగల్లో ఉన్న ఇబ్బంది పోటీ తక్కువ కావడం. కొన్ని కంపెనీలకు ఊళ్లో ఒక్కరే డీలర్. అందుకే కరీంనగర్‌కో, హైదరాబాద్‌కో ఒక ఫోన్ కొట్టి ఆన్-రోడ్ ధర లైన్ల వారీగా వాట్సాప్‌లో పెట్టమనాలి. అక్కడ కొన్నా ఇక్కడి అడ్రస్ మీదే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. డబ్బు మొత్తం కట్టేముందు ఛాసిస్ నంబర్ అడిగి, బండి ఏ నెలలో తయారైందో చూసుకోవాలి. జనవరిలో అంటగట్టే నిరుటి బండికి అమ్మేటప్పుడు ధర పడిపోతుంది.

ఒకటి కొనాలంటే ఇంకోటి కొనాల్సిందే అని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార పద్ధతిగా చూస్తుంది. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. మా బావకు అంత దూరం పోయే అవసరం రాలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి, "కిట్ తప్పనిసరి అని ఈ కాగితం మీద రాసివ్వండి" అన్నాడు. ఎవరూ రాయలేదు, కిట్ పోయింది. బయటి ఇన్సూరెన్స్‌కూ ఒప్పుకున్నారు. హ్యాండ్లింగ్ చార్జీ మాత్రం మూడు వేలకు దిగి అక్కడే ఆగింది. భద్రకాళి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ కూడా దాన్నే తలచుకున్నాడు. ఆ మూడు వేలు ఆయనకు ఇప్పటికీ తరుగు కిందే లెక్క.