కొత్త రంగు చూస్తే కొనేవాడికి గుబులు

మా మేనమామ రెండేళ్ల కిందట తిరుపతి బైరాగిపట్టెడలోని ఇల్లు అమ్మకానికి పెట్టాడు. పెట్టేముందు లక్షా పదివేలు పోసి లోపలా బయటా రంగులు కొట్టించాడు. వాకిట్లో కొత్త పూలకుండీలు కూడా వచ్చాయి. చూడ్డానికి వచ్చిన మొదటాయన గడప దాటగానే గోడ మీద వేళ్లతో తట్టాడు. "రంగు వాసన ఇంకా పోలేదే సార్, చెమ్మ ఏమైనా ఉండిందా?" అన్నాడు. ఉండింది. బాత్‌రూమ్ వెనక గోడకు రెండడుగుల ఎత్తు దాకా. మామ లేదన్నాడు. ఆయన మళ్లీ ఫోన్ కూడా చేయలేదు.

అమ్మే ఇంటిని నాటకానికి స్టేజీలా సిద్ధం చేయడాన్ని అమెరికాలో హోమ్ స్టేజింగ్ అంటారు. 1970ల్లో బార్బ్ ష్వార్ట్జ్ అనే ఇళ్ల ఏజెంటు దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. కుటుంబం ఫొటోలు తీసేయాలి, మతానికి సంబంధించినవి లోపల పెట్టేయాలి, గోడలు లేత రంగులో ఉండాలి. అప్పుడే వచ్చినవాళ్లు ఆ ఇంటిని తమదిగా ఊహించుకుంటారట. యూట్యూబ్ పుణ్యమా అని ఈ సలహాలు ఇప్పుడు తిరుపతి ఏజెంట్ల నోట కూడా వినిపిస్తున్నాయి. సామాను తగ్గించండి, కిటికీలు తెరవండి అనేంతవరకు నాకూ అభ్యంతరం లేదు. అటక మీది పాత అట్టపెట్టెలు పోతే ఎవరికీ నష్టం లేదు.

ఫొటోల దగ్గరే తేడా వస్తుంది. మన దగ్గర ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు సోఫాలో కూర్చున్న పది నిమిషాల్లో అడిగే ప్రశ్నలు మూడు. ఎందుకమ్ముతున్నారు? ఈ ఇంట్లోకి వచ్చాక మీకు కలిసొచ్చిందా? పిల్లలేం చేస్తున్నారు? కూతురు పట్టా పుచ్చుకుంటున్న ఫొటో గోడ మీద ఉంటే చివరి రెండింటికీ నోరు తెరవక్కర్లేదు. అన్నీ ఊడదీసి, తుడిచిపెట్టిన ఇంట్లో మొదటి ప్రశ్న మాత్రం ఇంకా పెద్దదవుతుంది.

ఈ ఆరాకు కారణం డబ్బు కూడా. 60 లక్షల ఇల్లనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఈ స్థాయి ఇంటికి అప్పు విలువలో 80 శాతం దాటదు, అంటే 12 లక్షలు చేతి నుంచి పెట్టాలి. పూర్తి ధరకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే స్టాంపు డ్యూటీ, మిగతా రుసుములు 7.5 శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. ఇంత ఊడ్చి ఇచ్చినవాడికి చేరిన నెలకే పైపులు పగలగొట్టించే ఓపిక ఉండదు. అందుకే కొళాయి తిప్పి చూస్తాడు, ఫ్లష్ నొక్కి చూస్తాడు, కొళాయి మూతికి తెల్లగా ఉప్పు కట్టిందేమో చూస్తాడు. రంగులకు పోసే డబ్బు ముందు ప్లంబరుకు ఇవ్వాలని నేను అనేది ఇందుకే.

2021 నవంబరు వానల తర్వాత ఈ ఊళ్లో ఇంకో ప్రశ్న కూడా చేరింది: "ఆ యేడు మీ వీధిలోకి నీళ్లొచ్చాయా?" అప్పుడే ఎం.ఆర్.పల్లి వైపు శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంట్లో భూమిలోని సంపు మొత్తంగా పైకి లేచి నిలబడింది. ఆ వీడియో ఊరంతా చూసింది. సంపు ఖాళీగా ఉండి చుట్టూ ఊట పెరిగితే పడవలా తేలుతుంది, అంతే. కానీ అప్పటి నుంచి సంపు మూత తీయమనని కొనుగోలుదారు నాకు తగల్లేదు. నీళ్లొచ్చి ఉంటే ఎంతదాకా వచ్చాయో చూపించి, తర్వాత ఏం కట్టించారో చెప్పడమే మేలు. మీరు దాచినా ఎదురింటి ముసలమ్మ చెప్పేస్తుంది.

ఈ ఊరికే ప్రత్యేకమైన అలంకారం ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మిద్దె మీది నుంచి కొండ కనిపిస్తుందా? చెన్నై, బెంగళూరుల నుంచి వచ్చి కొనేవాళ్లకు వంటింటి గ్రానైటు కంటే ఇదే ముఖ్యం. మిద్దె మీద విరిగిన కుర్చీలు, ఎండిన తులసి కుండీలు తీసేసి, ముందు అక్కడికే తీసుకెళ్లండి. పొద్దున్నే అయితే శేషాచలం మీద మబ్బు, చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు దీపాలు. ఉద్యోగులకు తీరిక ఆదివారం సాయంత్రమే, కానీ నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆరున్నరకు రమ్మంటే రెండూ కుదురుతాయి. వాస్తు కోసం గోడలు పగలగొట్టడం మాత్రం వద్దు. వచ్చే ఆయన సిద్ధాంతి ఇంకోటి చెబుతాడు.

కాగితాలు కూడా ఇంటి అలంకరణలో భాగమే అంటాను. మఠం భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టాలు కలగలిసిన ఊరిది. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ 1983 నుంచి ఉన్నది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కాబట్టి గట్టివాడు ఇంటికి రాకముందే చూసుకుంటాడు. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో లేదని తేలాలి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మంజూరైన ప్లాను, పన్ను రసీదులు ఒక ఫైల్లో వరసగా పెట్టి టీపాయ్ మీద ఉంచితే పూలకుండీల కంటే బాగుంటుంది. ప్లానులో లేని పైగది ఉంటే ముందే చెప్పాలి. బ్యాంకు ఇంజినీరు వచ్చి కనిపెట్టేనాటికి అడ్వాన్సు చేతులు మారి ఉంటుంది, గొడవ అక్కడ మొదలవుతుంది.

మామ చివరికి ఆ గోడ తవ్వించి పైపు మార్పించాడు. తాపీ పని చేసినంత మేర రంగు వేయకుండా సిమెంటు పూతనే వదిలేసి, ప్లంబరు బిల్లు చూపించాడు. తర్వాత వచ్చిన రిటైర్డు మాస్టారు ఆ సిమెంటు మచ్చను చాలాసేపు చూసి, రెండోసారి భార్యను వెంటబెట్టుకొచ్చాడు. బేరం కుదిరింది. రిజిస్ట్రేషన్ అయిన నెలకు ఆయన చేసిన మొదటి పని, ఇల్లంతా తనకు నచ్చిన లేత పసుపు రంగు కొట్టించుకోవడం.