పద్దెనిమిది పెన్సుల రూపాయి

డాలరు ముందు రూపాయి ఒక మెట్టు దిగితే చాలు, దేశం పరువు పోయినట్టు మాట్లాడతాం. రూపాయి బలపడితే ఎవరికి లాభం, ఎవరి జేబుకు చిల్లు అని అడిగేవారు తక్కువ. నూరేళ్ల కిందట ఈ దేశం ఆ ప్రశ్న అడిగింది. అప్పటి తగవు రెండంటే రెండు పెన్సుల మీద: రూపాయికి బ్రిటిష్ డబ్బులో 16 పెన్సులా, 18 పెన్సులా అని. (12 పెన్సులు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు.)

1835 నుంచి మన రూపాయి 180 గ్రెయిన్ల (అంటే తులం బరువు) నాణెం, అందులో 165 గ్రెయిన్లు మేలిమి వెండి. వెండి తెచ్చినవాడికల్లా టంకశాల నాణేలు కొట్టిచ్చేది. 1870లలో జర్మనీ వగైరా దేశాలు వెండి నాణెం నుంచి బంగారు నాణేనికి మారాక వెండి ధర కూలింది. రెండు షిల్లింగుల దరిదాపుల్లో ఉన్న రూపాయి 1892-93కి పదిహేను పెన్సులకు దిగింది. హోం చార్జీల దగ్గర, అంటే ఏటా ఇంగ్లండుకు పంపాల్సిన సొమ్ము దగ్గర, సర్కారుకు ఊపిరాడలేదు. పింఛన్లు, రైల్వే వడ్డీలు, లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసు ఖర్చులు పౌండ్లలో కట్టాలి. శిస్తు వచ్చేది రూపాయల్లో. ఆ ఏడాది కోటీ 65 లక్షల పౌండ్లు పంపడానికి 26 కోట్ల 47 లక్షల రూపాయలు పట్టాయి. 1893 జూన్ 26న ప్రజల వెండికి టంకశాల తలుపులు మూసి, రూపాయికి కొరత పుట్టించి, 1898 నాటికి దాన్ని 16 పెన్సులకు ఎక్కించారు. సవరిను, అంటే ఒక పౌండు బంగారు నాణెం, 15 రూపాయలైంది. పేరుకు బంగారు ప్రమాణం. నిల్వ లండన్‌లో, రైతు చేతిలో వెండి బిళ్ల.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920లో, రూపాయిని రెండు షిల్లింగుల దగ్గర నిలబెట్టబోయి ఐదున్నర కోట్ల పౌండ్లు అమ్మారు. రేటు నిలవలేదు. 1926లో ఇండియా కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ 18 పెన్సులన్నది. అందులో సభ్యుడైన బొంబాయి పత్తి వ్యాపారి పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ మాత్రం విడిగా అసమ్మతి రాసి 16 చాలన్నారు. 1927 చట్టం 18నే ఖాయం చేసింది: రూపాయికి 8.47512 గ్రెయిన్ల మేలిమి బంగారం, తులం రూ. 21-3-10 (రూపాయలు-అణాలు-పైసలు; పదహారు అణాలు రూపాయి, పన్నెండు పైసలు అణా). నలభై తులాలకు తక్కువైన కడ్డీ సర్కారు కొనదు. తాను అమ్మేటప్పుడు బంగారమివ్వాలా స్టెర్లింగు (బ్రిటిష్ పౌండ్లు) ఇవ్వాలా అన్నది తన ఇష్టం.

లండన్‌లో 20 పౌండ్లు పలికిన సరుకుకు 16 పెన్సుల లెక్కన 300 రూపాయలు వస్తాయి. 18 పెన్సుల లెక్కన రూ. 266-10-8. తొమ్మిదో వంతు పోయింది. షావుకారు తన కమీషను వదులుకోడు కనుక ఆ కోత పత్తి, వేరుశనగ పండించినవాడి మీద పడుతుంది. (నిజాం ఇలాకా ఆముదం రైతుకు ఇంకో మారకం బెడద కూడా ఉండేది: అక్కడ చెల్లేది నిజాం సొంత రూపాయి హాలీ సిక్కా, ఆరు కల్దార్లకు (బ్రిటిష్ ఇండియా రూపాయలకు) సుమారు ఏడు.) మరోవైపు హోం చార్జీలు తేలికయ్యాయి, లాంకషైర్ బట్ట చౌకైంది. ధరలూ కూలిరేట్లూ అప్పటికే 18కి సర్దుకున్నాయని కమిషన్ వాదన. కావచ్చు. శిస్తు, ప్రామిసరీ నోటు సర్దుకోవుగా!

అలాగని 16 పెన్సుల పక్షం నిస్వార్థమైనదని మేము అనం. అందులో ముందున్నవారు బొంబాయి మిల్లు యజమానులు, పత్తి వ్యాపారులు. మారకం తగ్గితే బాగుపడేది దేశమంతా కాదు, వ్యాపార వర్గం, అదీ కూలివాడి ఖర్చుతో అని అంబేడ్కర్ అప్పుడే హెచ్చరించారు. కూలి డబ్బుతో బియ్యం కొనుక్కునేవాడి విషయంలో అది నిజం. గింజలమ్మి శిస్తు కట్టేవాడి విషయంలో కాదు. 1930 జనవరిలో గాంధీజీ పెట్టిన పదకొండు కోరికల్లో శిస్తు సగానికి తగ్గింపు, ఉప్పు పన్ను రద్దుతోపాటు 16 పెన్సుల రేటు కూడా ఉంది.

మా దృష్టిలో రేటుకన్నా దాన్ని కాపాడిన తీరే పెద్ద తప్పు. 1929 తర్వాత ధరలు కూలుతుంటే, రూపాయి జారకుండా చలామణిలోంచి డబ్బు లాగేశారు, ట్రెజరీ బిల్లులు (సర్కారు స్వల్పకాలపు అప్పు పత్రాలు) అమ్మారు. చేతిలో రొక్కం ఆడాల్సిన వేళ రొక్కం కరువైంది. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారాన్ని వదిలింది, అంటే పౌండుకు బంగారమిచ్చే హామీ ఎత్తేసింది. రూపాయినీ వదిలేద్దామని వైస్రాయి విల్లింగ్డన్ కౌన్సిల్ రాజీనామాకు సిద్ధపడినా లండన్ వినలేదు. అదే 18 పెన్సులకు, ఇప్పుడు బంగారం ఊతం లేని స్టెర్లింగుకు, రూపాయిని కట్టేసింది. బంగారం తులం ధర ముప్పై రూపాయల దరికి చేరింది. అప్పులకు, శిస్తుకు పల్లెల్లో నగలు అమ్ముడుపోయాయి. 1931-32లోనే దాదాపు 58 కోట్ల రూపాయల బంగారం ఓడలెక్కింది. ఎగుమతి ఆపమంటే ఢిల్లీ ఆపలేదు.

ఇంత రభస జరిగిన ఆ రేటును స్వతంత్ర ప్రభుత్వమూ ముట్టుకోలేదు. 1949లో పౌండుతోపాటే రూపాయీ డాలరు ముందు దిగింది కనుక 18 పెన్సులు అలాగే ఉండిపోయాయి, 1966 జూన్ 6 దాకా.