సీ వ్యూ అంటే ఇదా!

చవగ్గా వస్తోంది కదా అని సీజన్ కాని సీజన్‌లో దీవికి బుక్ చేశాను చూడండి, నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. 'సీ వ్యూ' గదట! బాత్రూమ్ కిటికీ దగ్గర మునివేళ్ల మీద నిలబడి మెడ సాచితే, రెండు వాటర్ ట్యాంకుల మధ్య నీలంగా ఓ గీత. అదే సముద్రం. ఏసీ చల్లబరచదు గానీ, నీళ్లు మాత్రం సరిగ్గా నా దిండు మీదే కారుస్తుంది.

పోనీ బీచ్‌కి పోదామంటే ఆటు. నీళ్లు ఎక్కడో పగడపు దిబ్బ అంచుకి పోయాయి, నడిచి నడిచి వెళ్లినా మోకాలు తడవదు. పోటు రావాలంటే దాదాపు 6 గంటలు ఆగాలి. ఆగాను. వానొచ్చింది. ఒడ్డంతా కుళ్లిన నాచు, మురిగిన గుడ్ల కంపు. ఇసుక ఈగలు కుట్టిన కాళ్లు ఇంకా గోక్కుంటూనే ఉన్నాను.

ఆ బ్రోచర్ ఫొటో తీసినవాడు ఏ నెలలో, ఎక్కడ నిలబడి తీశాడో!